హెడ్‌ఫోన్స్‌లో విన్నారా?

"ఈమధ్య ఏం వింటున్నారు?" అన్న ప్రశ్నకు పూర్తిగా జవాబు చెప్పిన మనిషిని నేనింతవరకు చూడలేదు. చెప్పనిస్తే కదా! మనం నోరు తెరిచేలోపే అవతలాయన ఫోన్ తీసి, "అది సరేగానీ, ముందు ఇది వినండి" అంటాడు. పెళ్లిలో ఎదురైనవాళ్లు "భోంచేశారా?" అన్నట్టే ఇదీను. జవాబు కోసం ఎవరూ ఆగరు.

పాటలు సిఫారసు చేయడం ఇప్పుడు బాధ్యతగల పౌరుల లక్షణం. పొద్దున్నే గుడ్ మార్నింగ్ గులాబీ వెనకాలే ఒక లింకు దిగుతుంది. కింద "గూస్‌బంప్స్ గ్యారంటీ" అని రాతపూర్వకమైన హామీ. పావుగంటకి "విన్నారా?" అరగంటకి "హెడ్‌ఫోన్స్‌లో విన్నారా?" ఫోన్ స్పీకర్లో విన్నానని ఒప్పుకున్నవాడికి ఇక క్షమాపణ లేదు. పోనీ వినకుండానే "సూపర్" అని పెట్టారో, "రెండో చరణం ముందు ఫ్లూట్ ఎలా ఉంది?" అని వైవా మొదలవుతుంది. డిసెంబరు సంగతి చెప్పక్కర్లేదు. ఏడాదిలో ఎన్ని వేల నిమిషాలు విన్నారో యాప్ వేసిచ్చిన లెక్క అందరి స్టేటస్‌లలోనూ వేలాడుతుంటుంది. కన్నకొడుకు టెన్త్ పాసైనప్పుడు కూడా అంత గర్వంగా పెట్టినట్టు గుర్తులేదు.

ఈ రంగంలో మా తోడల్లుడిగారిది అందెవేసిన చెయ్యి. విజయవాడ నుంచి రాజమండ్రి వెళ్తున్నాం. కారు నాది, బ్లూటూత్ ఆయనది. "అన్నయ్యగారూ, కళ్లు మూసుకుని వినండి" అన్నారు. నేను నడుపుతున్నానండీ అన్నాను. ఆయన కాస్త ఆలోచించి, "సరే, మనసులో మూసుకోండి" అన్నారు. పాట మొదలైంది. పల్లవి సగంలో ఆపేసి, "ఇప్పుడు వయొలిన్ వస్తుంది చూడండి" అన్నారు. వయొలిన్ వచ్చింది. అది ఎంత గొప్పగా ఉందో వివరిస్తూ, అది అయిపోయేదాకా ఆయన మాట్లాడారు. "ఎలా ఉంది?" అంటే వినపడలేదన్నాను. మళ్లీ మొదటికి తిప్పారు. ఈసారి మాట్లాడలేదు, నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. మొహంలో ఏదో ఒకటి పలికించాలి కదా, ఏం పలికించాలో తెలియలేదు. హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక లారీ చెప్పాపెట్టకుండా ముందుకొస్తే బ్రేక్ తొక్కి "అబ్బా!" అన్నాను. "చూశారా! నేనూ సరిగ్గా అక్కడే అబ్బా అన్నాను" అని సంతోషంతో తొడ చరిచారు. నా తొడ. తాడేపల్లిగూడెం చేరేసరికి చాలా పాటలయ్యాయి గానీ ఒక్కదానికీ రెండో చరణం దక్కలేదు. వెనక సీట్లో అక్కచెల్లెళ్లిద్దరూ గన్నవరం దాటకముందే నిద్ర నటించడం మొదలుపెట్టారు. అనుభవం అలాంటిది.

తణుకులో టీకి ఆగాం. "ఇందాకటి పాట రాసిందెవరండీ?" అని అడిగాను. హీరో పేరు చెప్పారు. హీరో కాదండీ, రాసిందెవరని అడిగాను. సంగీత దర్శకుడి పేరు చెప్పారు. మళ్లీ అడిగితే పాడినాయన పేరు చెప్పి, ఫోన్‌లో కాసేపు వెతికి, చివరికి విసుగ్గా "లిరిక్స్ ఎవరు చూస్తారన్నయ్యగారూ, ఫీల్ ముఖ్యంగానీ" అన్నారు.

నాకు నవ్వు రాదిక్కడ. ఆ ఫీల్ ఆకాశంలోంచి ఊడిపడిందా? ఒకాయన ట్యూన్ ముందు పెట్టుకుని, రాసింది కొట్టేసి, మళ్లీ రాసి, ఆ కొలతలో ఒక్క మాట ఇమడక రాత్రంతా జుట్టు పీక్కుంటే కదా మీకు గూస్‌బంప్స్ వచ్చింది! ఆకాశవాణిలో సినిమా పాటకి చిత్రం, రచన, సంగీతం, గానం అన్నీ వరసగా చెప్పేవారు. ఆ పాట కోరిన శ్రోతల పేర్లు కూడా ఊళ్లతో సహా చదివేవారు. అక్షరం ముక్క రాని మా నాయనమ్మకి ఆత్రేయ, ఆరుద్ర, దాశరథి పేర్లు నోటికొచ్చు. చేతిలో ప్రపంచమంత ఫోన్ పెట్టుకున్న మీకు ఒక్క పేరు తెలీదు! రాసినవాడికి, బాణీ కట్టినవాడికి రాయల్టీలో వాటా ఉండాలని, దాన్ని నిర్మాతకి రాసిచ్చేయడం చెల్లదని 2012లో పార్లమెంటు కాపీరైట్ చట్టాన్నే సవరించింది. పార్లమెంటుకి గుర్తున్నవాడు మీకు గుర్తులేడు. 2023లో 'నాటు నాటు'కి కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ అందుకుంటే, మర్నాడు నాకొచ్చిన వీడియోలన్నీ స్టెప్పులే. ఆ అవార్డు ఇచ్చేది స్వరం కట్టినవాళ్లకీ మాట రాసినవాళ్లకీనయ్యా, మోకాళ్లకి కాదు!

ఇంకో జాతి ఉంది. పాత పాట స్పీడు తగ్గించి, వెనకాల వాన చప్పుడు కలిపి, తన పేరు పెట్టుకుని వదులుతుంది. కింద "ఒరిజినల్ కంటే ఇదే బాగుంది బ్రో" అని కామెంట్లు. రాసినవాడూ పోయాడు, పాడినవాడూ పోయాడు, వాన మిగిలింది. సిగ్గుండాలి!

సరే, లింకులు ఆపమంటే మీరు ఆపరు. పంపండి. కింద గూస్‌బంప్స్ గొడవ వదిలేసి, రాసినవారి పేరు పెట్టండి చాలు. తెలియకపోతే కనుక్కుని పంపండి. నాకేం తొందర్లేదు. సంక్రాంతి దాకా టైం తీసుకున్నా ఏమీ అనుకోను.