బండి పాడైందా అండీ?

ఈ రోజు ఉదయం ఆరున్నరకి మా కాలువ గట్టు మీద ఒక కుర్రాడు నన్ను ఆపి, "మీరు ఎవరి తాలూకండీ?" అని అడిగాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా నేను ఈ ఊరి కోడలిని. వాడికి ఇరవై నిండి ఉండవు. నోట్లో వేపపుల్ల, చెవిలో ఫోను తీగ. వాడి వెనక కొత్తగా పాతిన రెండు ఇనుప గొట్టాలు, వాటి మధ్య గేటు, గేటుకి గొలుసు, గొలుసుకి తాళం. ఒక పక్క ప్రభుత్వం వారి కాలువ, ఇంకో పక్క రొయ్యల చెరువు, గేటు మాత్రం గట్టుకి అడ్డంగా.

"ఇటు దారి లేదండీ. చెరువులు లీజుకి తీసుకున్నారు."

చెరువులు తీసుకున్నారు, బాగుంది నాయనా. గట్టు ఎవరిచ్చారు? కాలువలో నీళ్లు కూడా రాయించుకున్నారా? "అదంతా నాకు తెలియదండీ, మా ఓనరు గారితో మాట్లాడుకోండి" అన్నాడు. వాడిని అని ఏం లాభం, జీతగాడు. పైగా నేను వెనక్కి తిరిగేసరికి వాడికే జాలేసి, "బండి పాడైందా అండీ? సెంటరు దాకా దింపనా?" అన్నాడు. అక్కడితో నా ఓర్పు అయిపోయింది.

ఉద్యోగం మానేసి నడక మొదలుపెట్టిన ఈ రెండేళ్లలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మన గోదావరి డెల్టాలో మనిషి నడుస్తున్నాడంటే రెండే కారణాలు. బండి పాడై ఉండాలి, లేదా సుగర్ వచ్చి ఉండాలి. సుగర్ అయితే తెల్ల బూట్లు వేసుకుని కాలేజీ గ్రౌండులో గానుగెద్దులా గుండ్రంగా తిరగాలి. అది గౌరవం. ఒక చోట బయలుదేరి ఇంకో చోటికి నడిచి వెళితే మాత్రం అనుమానం. ఆడవాళ్లయితే మూడో కారణం కూడా సిద్ధంగా ఉంటుంది, ఇంట్లో ఏదో గొడవ. మొన్న మే నెలలో మా పాలవాడు బావగారి ఇంటికి వెళ్లి, "చిన్నమ్మగారు ఒక్కరే కాలువ వైపు వెళుతున్నారండీ, కాస్త చూసుకోండి" అని చెప్పి వచ్చాడట. నేను దూకుతానేమోనని! కాలువలు కట్టేసిన మే నెలలో, చీలమండ తడవని నీళ్లలో!

అసలు ఆ గట్టు ఉన్నదే నడవడానికి. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి, దాని నుంచి కాలువలు తీసినప్పుడు అవి చేలకి నీళ్ల కోసం మాత్రమే కాదు, పడవల కోసం కూడా. రోడ్లు లేని డెల్టాలో బియ్యం, కొబ్బరి, ఉప్పు, మనుషులు, అన్నీ కాలువ మీదే వెళ్లేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ. అదీ కుదరకపోతే ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని గట్టు వెంట వంగి నడిచేవాళ్లు. వంద బస్తాల పడవ వాళ్ల వెనక మెల్లగా కదిలి వచ్చేదట. ఇదంతా మా మామగారు చెప్పిందే. మా అత్తగారు కాపురానికి వచ్చింది కూడా పడవ మీదే. పడవ లాకుల్లోకి రాగానే వెనక తలుపులు మూసేవారు, నీళ్లు నెమ్మదిగా దిగేవి, నీళ్లతో పాటు పడవ దిగేది, అప్పుడు ముందు తలుపులు తెరిచేవారు. ఆ దిగే సమయంలో మామగారు గట్టు మీదికి గెంతి కొత్త పెళ్లికూతురికి టీ తెచ్చి ఇచ్చారట. తిరిగి వచ్చేసరికి పడవ అంత కిందికి దిగిపోయి, గ్లాసు అందించడానికి గోడ మీద బోర్లా పడుకోవలసి వచ్చిందట. మా ఇంట్లో ఉన్న ప్రేమకథ అదొక్కటే.

ఆ లాకుల గోడ అంచు రాయి మీద ఒక గాడి ఉంది. నా చూపుడు వేలు సరిగ్గా అందులో పడుతుంది. లోపల గాజులా నున్నగా, వానాకాలంలో కూడా నాచు పట్టకుండా ఉంటుంది. ఉలితో చెక్కింది కాదు, తాడు రాపిడికి అరిగింది. రాయి అంత అరిగిందంటే భుజాలు ఎన్ని అరిగి ఉంటాయి? రోజూ అక్కడిదాకా నడిచి, ఆ గాడిలో ఒకసారి వేలు పెట్టి, వెనక్కి రావడం నా అలవాటు. దానికి ఇప్పుడు నేను ఓనరు గారితో మాట్లాడుకోవాలి. లాకుల దగ్గరికి వెళ్లకుండా గేటుకి లాకు!

మా అమ్మాయి ఇంగ్లండులో డెర్బీషైరులో ఉంటుంది. ప్రతి ఆదివారం ఫొటోలు పంపి నా కడుపు మండిస్తుంది. అక్కడ క్రామ్‌ఫర్డ్ అని ఒక ఊరు. 1771లో ఆర్క్‌రైట్ అనే ఆయన నీటి చక్రంతో తిరిగే నూలు మిల్లు పెట్టిన చోటు. ఆ మిల్లు, దగ్గరలో కాలువ, కాలువ గట్టు, అక్కడి నుంచి కొండ ఎక్కే పాత రైలు దారి, పైన అడవి, అడవి దాటితే గొర్రెల పచ్చిక, అన్నీ నడిచే దారులే. రైలు 1967లో ఆగిపోతే పట్టాలు పీకేసి ఆ దారిని నడిచేవాళ్లకి వదిలేశారు. పదిహేడు మైళ్లు! రైలు బండ్లను ఏటవాలు మీదికి లాగిన ఇంజన్ ఇల్లు ఇంకా నిలబడి ఉంది. మిల్లులున్న ఆ లోయ మొత్తాన్ని 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక ఫొటోలో దారి నేరుగా రైతు పొలం మధ్య నుంచే వెళుతోంది. అడ్డం వచ్చిన రాతిగోడకి మనుషులు దాటడానికి మెట్లు కట్టి ఉన్నాయి. గోడకి మెట్లు! ఇక్కడ మనం మెట్లున్న చోట గోడ కడతాం.

ఆ మిల్లుల పుణ్యం మనకీ కొంత దక్కింది లెండి. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో నేసిన తెల్ల గుడ్డకి ఇంగ్లీషు వాళ్లు నోరు తిరగక మదపోలం అని పేరు పెట్టుకున్నారు. 1833లో ఈస్టిండియా కంపెనీ అక్కడి కొఠీ మూసేసింది. తరువాత అదే పేరుతో వాళ్ల మిల్లుల్లో గుడ్డ నేసి, ఓడల్లో వేసి, మనకే తెచ్చి అమ్మారు. ఊరి పేరు వాళ్ల నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది. నడకకీ దీనికీ సంబంధం లేదని తెలుసు. గుర్తుకొస్తే ఊరుకోలేను.

"వాళ్లకేమండీ, చల్లటి దేశం, బుద్ధిమంతులు" అని కింద రాయబోతున్న వాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఆ దారులు వాళ్లకి ఎవరూ బొట్టు పెట్టి పిలిచి ఇవ్వలేదు. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి, అది దొరల వేట భూమి అని తెలిసే, కొన్ని వందల మంది ఎక్కారు. ఎక్కువమంది ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రవాళ్లు. కాపలావాళ్లతో తోపులాట జరిగింది, ఐదుగురికి జైలు పడింది. 1951లో ఆ ప్రాంతమే వాళ్ల మొదటి జాతీయ ఉద్యానవనం అయింది. నేను ఇవాళ వేపపుల్ల కుర్రాడితో తోపులాటకి దిగలేదు. మోకాలు నొప్పి.

ఇంక రెండో మాట, "మనకి కొండలెక్కడున్నాయండీ." ఉన్న ఒక్క ధవళేశ్వరం కొండనీ కొట్టి ఆనకట్టలో వేశాం కదా, ఇంకెక్కడుంటాయి! ఆ రాయి మోయడానికి అక్కడ పట్టాలు వేసి బండ్లు నడిపారు. 1853లో బొంబాయి నుంచి ఠాణేకి మొదటి ప్రయాణికుల రైలు వెళ్లిందని పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. అంతకు ముందే, 1840లలోనే, మన ధవళేశ్వరంలో రాతి బండ్లు పట్టాల మీద నడిచాయి. ఆ పట్టాలు ఎటు నుంచి ఎటు వెళ్లేవో నన్ను వెంటబెట్టుకుని నడిపించి చూపించే మనిషి దొరికితే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాను.

ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకి మాత్రం లోటు చేయం. ఊరూరా విగ్రహం, మే 15న దండ. ధవళేశ్వరంలో ఆయన గుర్రం మీద ఉంటాడు. అదే మంచిదైంది. నడిచి వస్తూ కనపడి ఉంటే "బండి పాడైందా దొరగారూ" అని అడిగి సెంటరులో దింపేసేవాళ్లం. దండ వేసి, ఫొటో దిగి, చికెన్ కొట్టు వ్యర్థాల సంచి తీసుకెళ్లి ఆయన తవ్వించిన కాలువలోనే విసిరేస్తాం. ఆ కాలువ నీళ్లే మన మంచినీళ్ల చెరువుల్లోకి వస్తాయి. తాగుదాం, ఏమవుతుంది.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. కిందటి సంక్రాంతికి మా అబ్బాయి స్నేహితులు నలుగురు హైదరాబాదు నుంచి వచ్చారు. వారం ముందు నుంచే నేను దారి వేసి పెట్టుకున్నాను. పి. గన్నవరం దాకా ఆటో, అక్కడి నుంచి కాలువ వెంట నడక. గోదావరి పాయ వైనతేయ మీద 49 కమానుల పాత అక్విడెక్టు చూపించాలి. కింద నది, నది మీద కాలువ! 1850లలో కట్టినది. 2000లో పక్కనే కొత్తది కట్టి దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆ పేరు పెట్టిన వాళ్లకి దండం పెట్టాలి. దారిన పోయేవాళ్లకి వేళ కాని వేళ అన్నం పెట్టిన తల్లి ఆవిడ. దారిన పోయేవాళ్లు అనే జాతి ఒకటి ఉండేది మరి. ఇప్పుడు ఆవిడ విస్తరి వేసి కూర్చున్నా ఎవరాగుతారు, మట్టి లేపుకుంటూ అరవైలో పోతుంటే.

పిల్లలు సరేనన్నారు. ఉదయం నేను పులిహోర కలిపేసరికి ఈయన కారు మాట్లాడి, "కాలువ గట్టు మీద ఏముందే చూడటానికి" అని వాళ్లని మారేడుమిల్లి తీసుకెళ్లిపోయారు. కొండలూ అడవీ చూశారా? చూశారు, కారు అద్దంలోంచి. దిగింది ఒక్క చోట, బొంగు చికెన్ దగ్గర. అడవిలో ఎంత దూరం నడిచారని అడిగితే "పార్కింగు నుంచి కొట్టు దాకా" అన్నాడు ఒక పిల్లాడు, పాపం నిజాయితీగా. రాజమండ్రిలో హేవలాక్ వంతెన కూడా చూపించారట, పక్క వంతెన మీద నుంచి. 1997లో దాని మీద రైళ్లు ఆగాయి. అప్పటి నుంచి ఆ వంతెన మీద నడకదారి వస్తుందని వింటూనే ఉన్నాను. అప్పుడు నా మోకాళ్లు బాగుండేవి.

అయినా గేటు పెట్టినవాడిని ఎందుకు అనాలి? గేటు కనీసం కంటికి కనపడుతుంది. మా పుంత, అంటే ఊరి బళ్ల దారి, దాని సంగతి వినండి.

నేను కాపురానికి వచ్చినప్పుడు మా దొడ్డి వెనక నుంచి కాలువ దాకా పుంత ఉండేది. ఎదురెదురుగా వచ్చిన రెండు ఎడ్లబళ్లు తప్పుకునేంత వెడల్పు, వరసగా తాడిచెట్లు. దాన్ని ఎవరూ ఒక్క రాత్రిలో మాయం చేయలేదు. సార్వా పంటకి గట్టు చెక్కినప్పుడు ఒక పార మందం, దాళ్వా పంటకి చెక్కినప్పుడు ఒక పార మందం. ముప్ఫై ఏళ్లకి అరవై పారలు. నేను బ్యాంకులో పనిచేసినదాన్ని, లెక్క తప్పదు. ఇప్పుడు ఆ పుంతలో నడిస్తే నా చీరకి రెండు పక్కలా వరి తగులుతోంది. తాడిచెట్లు మడి మధ్యకి వచ్చేశాయి. చెట్లు నడవవు కాబట్టి జరిగిందేమిటో చూస్తేనే తెలుస్తుంది. ఆ మడి ఎవరిదో చెప్పను. మా ఇంటిపేరే.

కొత్త కోడలిగా ఉన్నప్పుడే ఒకసారి భోజనాల దగ్గర అడిగాను, "బావగారూ, పుంత ఇరుకవుతున్నట్టుంది కదండీ" అని. గోంగూర పచ్చడి కలుపుకుంటూ, "బళ్లెక్కడున్నాయమ్మా ఇప్పుడు, నడిచేవాళ్లెవరు" అన్నారు. మా ఆయన మజ్జిగ తాగారు. ముప్ఫై ఏళ్లుగా ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన మజ్జిగే తాగుతున్నారు. గోడకి మెట్లు కట్టిన ఆ ఇంగ్లండు ఫొటోని కిందటి నెల ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. బావగారు రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టారు. ఈ పోస్టు కూడా చదువుతారు. చదవనివ్వండి.

నాతో రోజూ నడిచేది ఎవరనుకున్నారు? ఆయన భార్యే, మా తోడికోడలు. ఈ రోజు శనివారం కాబట్టి గుడికి వెళ్లి నాతో రాలేదు. ఇప్పుడు పక్కనే కూర్చుని బీరకాయలు చెక్కుతూ, "పుంత సంగతి అందులో రాయకే" అంటోంది. రాసేశానక్కయ్యా అన్నాను. కాసేపు ఊరుకుని, "తాడిచెట్ల సంగతి కూడా రాశావా?" అంది.

సాయంత్రం ఇద్దరం వెళ్లి గేటు చూసి వచ్చాం. కాలువ వైపు గొట్టానికీ నీళ్లకీ మధ్య జానెడు అంచు ఉంది. గొట్టం పట్టుకుని ఒక కాలు అటు వేసి తిరిగితే అవతల గట్టే. నాకు ఆ సందు సరిపోతుంది. అక్కయ్య కష్టమే, కానీ వస్తానంటోంది. రేపు ఐదున్నరకి బయలుదేరుతున్నాం. పాలవాడికి ముందే చెప్పి పెట్టాను.