నాన్న ముఖం లేని జ్ఞాపకం
బాధాకరమైన సంఘటనను బయట నిలబడి చూస్తున్నట్టు గుర్తు చేసుకుంటే నొప్పి తగ్గుతుందని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. తగ్గే మాట నిజమే, కానీ అదే నయం కావడం అనుకుంటే పొరపాటు. నాన్న పోయిన రాత్రి గుర్తొస్తే ఇన్నేళ్లూ నాకు నేనే కనిపించేదాన్ని: ఆసుపత్రి వరండాలో స్టీలు కుర్చీ, వర్షానికి తడిసిన చెప్పులు, ఒళ్లో టిఫిన్ క్యారియర్. నన్ను నేను అలా బయటి నుంచి ఎప్పుడు చూశాను గనక! ఇలా మనల్ని మనమే చూసుకునే జ్ఞాపకాల గురించి జార్జియా నిగ్రో, ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ పరిశోధకులు 1983లోనే రాశారు, కాబట్టి ఇది నా ఒక్కదానికే వచ్చిన వింత కాదు. అలా చూసినంతకాలం టెన్షన్ లేదు, ఏడుపూ రాలేదు. కానీ అందులో నాన్న ముఖమే లేదు. పోయినేడాది అమ్మ "చివర్లో ఏమన్నారే?" అని అడిగితే, కళ్లు మూసుకుని ఆ మంచం పక్కనే నిలబడి నా కళ్లతోనే మళ్లీ చూశాను. స్పిరిట్ వాసన, సెలైన్ పట్టీ వేసిన ఆయన చెయ్యి, "తిన్నావా అమ్మా?" అన్న మాట. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. ఘోరమైన ప్రమాదాలు, దాడులు ఎదుర్కొన్నవాళ్లకు ఆ దూరం అవసరం కావచ్చు, వాళ్లను ఒంటరిగా ఇలా చేయమని మాత్రం చెప్పను. నాకైతే ఇప్పుడు ఆ రాత్రి గుర్తొస్తే ముందు ఆయన గొంతే వినిపిస్తోంది.