ఫ్రిజ్‌లో బోర్లా పడుకున్న నిమ్మచెక్కకు

ప్రాణహిత నది ఒడ్డున సిరొంచ, మహారాష్ట్ర,
వైశాఖం, మిట్టమధ్యాహ్నం

తలుపు అరలో గుడ్ల పక్కన సగం ఎండిపోయి ఉన్న నిమ్మచెక్కకు,

నీ సేవలకు ముందుగా ఒక దండం. దుకాణం గుమ్మానికి పచ్చిమిరపకాయలతో కలిసి వేలాడి దిష్టి తీస్తావు. కొత్త బండి టైరు కింద నలిగిపోతావు. రాగి చెంబుకు మెరుపు తెస్తావు, పులిహోరకు ప్రాణం పోస్తావు. ఇన్ని కొలువులుండగా చర్మవైద్యుడి కుర్చీ మీద కూడా నీకు కన్నెందుకు?

ప్రాణహిత ఇసుక దాటి వచ్చినాయన మెడ ఎండకు కమిలినా, తునికాకు కల్లంలో కట్టలు తిరగేసి వచ్చినామె చేతులు ఎర్రబడ్డా, ఇంట్లోంచి మొదట వినబడే మాట ఒకటే: "నిమ్మకాయ రుద్దు, నలుపు పోతది." పక్కింటి మరాఠీ అత్తగారిదీ అదే మందు: "లింబూ లావ్." రెండు భాషల్లో ప్రాక్టీసు పెట్టావు, పట్టా మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ: నీ రసం 2 దగ్గర ఉంటుంది, చర్మం 5 దగ్గర. కమిలిన తోలు మీద నువ్వు పడితే చురుక్కుమంటుంది. ఆ చురుకును చూసి మావాళ్ళు "పని చేస్తోంది" అంటారు. పని చేస్తున్నమాట నిజమే, ఎవరి తరఫున అన్నదే అడగరు.

నీ అసలు నేరం పులుపు కాదు. నీ రసంలో, అంతకంటే ఎక్కువగా తొక్కలోని నూనెలో, ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలున్నాయి. చీకట్లో ఉన్నంతసేపూ అవి బుద్ధిమంతులు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలాయో, చర్మకణాల డీఎన్ఏకు అతుక్కుని కాలుస్తాయి. నీ తెలివంతా సమయంలో ఉంది. రుద్దిన రోజు ఏమీ కాదు. మరునాటికి ఎర్రబడుతుంది, రెండు మూడు రోజులకు బొబ్బలు ముదురుతాయి. అప్పటికి నిన్ను ఎవరు అనుమానిస్తారు? "ఒంట్లో వేడి చేసింది" అని ఇంకో చెక్క కోస్తారు. నువ్వు వదిలే ముద్ర మాత్రం దొంగ వేలిముద్రంత స్పష్టం: గడ్డం నుంచి మెడ మీదికి జారిన చార, ముంజేతి మీద నాలుగు వేళ్ళ గుర్తు. బొబ్బ మానినా ఆ గోధుమరంగు మచ్చ వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. నలుపు పోగొడతానన్నది నువ్వే కదా!

ఇంకో సంగతి. ఫోన్‌లో తిరిగే చిట్కాల్లో కొన్నిటికి మూలం విదేశాల్లోని పసుపుపచ్చ పెద్దకాయ. మా సంతలో దొరికే నువ్వు కాగ్జీ నిమ్మవి, వాళ్ళ లెక్కలో 'లైమ్'వి. ఈ కాల్చే సరుకు సాధారణంగా నీ జాతిలోనే ఎక్కువ. బొల్లికి నాటుమందుగా వాడే బావంచాల గింజల్లోనూ ఇలాంటి సరుకే ఉంది. కానీ బొల్లి వైద్యంలో ఆ తరహా మందును మోతాదు చూసి ఇస్తారు, కాంతిని కొలిచి పెడతారు. నీ చేతిలో కొలతా లేదు, గడియారమూ లేదు.

కాబట్టి నిన్ను ఆ పదవి నుంచి తప్పిస్తున్నాం. మొదటి ఉద్యోగం కుండనీళ్ళకు. పాత నూలుబట్ట తడిపి, పిండి, పది పదిహేను నిమిషాలు వెయ్యాలి. రోజుకు నాలుగైదుసార్లు. ఐసుగడ్డ నేరుగా పెడితే కాలిన తోలుకు ఇంకో దెబ్బ.

రెండోది పెరట్లో కలబందకు. మట్టను మొదట్లో కోసి, కోసిన కొస కిందికుండేలా గ్లాసులో పావుగంట నిలబెట్టాలి. పచ్చటి చేదుజిగురు కారిపోతుంది. చాలామంది ఈ పావుగంట ఓపిక పట్టరు, ఆ జిగురుతోనే దురద తెచ్చుకుని కలబంద పడలేదంటారు. తర్వాత కడిగి, ముళ్ళంచులు చెక్కి, గాజులా కనిపించే గుజ్జు ఒక్కటే గీరాలి. ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒకరోజు చూడాలి. ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి దాచకూడదు, పగిలిన బొబ్బ మీద రాయకూడదు.

పెరుగు చల్లదనమిస్తుంది, అదీ తాజాదైతేనే. మూడు రోజుల పుల్లపెరుగు నీ తమ్ముడే. శనగపిండి నలుగు, ముల్తానీ మట్టి జోలికి పోవద్దు: ఆరాక రాల్చేటప్పుడు తోలు కూడా వస్తుంది. కొబ్బరినూనె మంట చల్లారి పొట్టు లేచే రోజుల్లో మంచిది, మొదటిరోజు వేడిని లోపలే మూసేస్తుంది. బొబ్బలు పెద్దమేర లేచినా, జ్వరం, వాంతులు, తికమక మాటలు ఉన్నా వంటిల్లు వదిలి ఆసుపత్రికి.

ఇక ఒళ్ళు కమలకుండా ఆపడం అంటావా, ఏ గిన్నెలో కలిపిన లేపనానికీ ఆ శక్తి లేదు. నీడను అడగాలి. మనిషికంటే నీడ పొట్టిగా ఉంటే ఎండ కాల్చే వేళ. మే నడుమ సిరొంచలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, నీడ చెప్పుల కిందికి పోతుంది. అప్పుడు పని మానలేనివాళ్ళకు దట్టంగా నేసిన, ముదురురంగు రుమాలు మెడదాకా కప్పడమే దిక్కు. పల్చటి తెల్లచొక్కా చాలదు, చెమటకు తడిస్తే దాని కాపుదల ఇంకా తగ్గుతుంది. 2022 ఏప్రిల్ ప్రాణహిత పుష్కరాల్లోలా నడుముదాకా దిగి "నీళ్ళలో ఎండేం చేస్తది" అనుకుంటే, తేటనీళ్ళలో అరమీటరు లోతున కూడా పైనున్న అతినీలలోహితంలో నలభై శాతం ఉంటుంది. పొడి ఇసుక మరో పదిహేను శాతం దాకా కిందినుంచి ఎగదోస్తుంది.

నీకు కొత్త నియామకం ఎండలో తిరిగొచ్చినవాళ్ళు తాగే నీళ్ళలో: లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, 6 చదును టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు, అందులో నువ్వు. రుచికి మాత్రమే.

ఇట్లు,
కమిలిన మెడల తరఫున

తా.క.: నిన్ను పిండినవాళ్ళు గోళ్ళ సందులు కూడా సబ్బుతో కడుక్కున్నాకే వాకిట్లోకి రావాలి. ఇప్పటికే రుద్దుకున్నవాళ్ళు వెంటనే కడిగేసి, ఆ చోటును రెండు మూడు రోజులు గుడ్డ కింద దాచుకోవాలి.