జీతం కవరు ఎవరి చేతికి?

మొన్న ఇక్కడ మెల్‌బోర్న్‌లో జరిగిన ఉగాది సంబరాల్లో మన పిల్లలు తిరుపతి గంగమ్మ జాతర వేషాలు కట్టారు. పాలెగాడి తల తెగగానే హాలంతా ఈలలు. ఆడవాళ్లను చెరిచి దాక్కున్నవాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మవారు ఎన్ని వేషాలు వేసిందో, ఏ వేషానికి వాడు బయటపడ్డాడో తిరుపతివాళ్లకు నేను చెప్పనక్కరలేదు. ఆ సాయంత్రమే, మహిళల మరుగుదొడ్ల తలుపులకు లోపలివైపు నేను అతికించిన కాగితాలను కమిటీవాళ్లు పీకించారు. వాటిలో ఉన్నది గృహహింస సహాయ ఫోను నంబరు, ఉద్యోగంలో అడగదగ్గ సెలవు వివరం, అంతే. "పండగ పూట ఇదేమిటక్కా? ఇంటి గొడవలు ఇంట్లో ఉండనీ" అన్నారు.

మా నాయనదీ అదే మాట. గోవిందరాజస్వామి గుడికి దగ్గరలో మాకు బట్టల కొట్టు ఉండేది. చీరలు మడిచే ఒకామె నడి వేసవిలో కూడా మణికట్టు దాకా చేతులున్న రవిక తొడుక్కునేది. ఒకటో తేదీన ఆమె భర్త వచ్చి గల్లాపెట్టె దగ్గర నిలబడితే నాయన జీతం కవరు అతని చేతిలోనే పెట్టేవాడు. ఆమె ఏ వేళకు బయలుదేరుతుందో అడిగితే అదీ చెప్పేవాడు. అయినా చెడ్డవాడు కాడు. ఆమె పిల్లలకు ఏటా బడి పుస్తకాలు కొనిచ్చాడు. ఒకసారి ఆమె పెదవి చిట్లి వస్తే, భర్తను పిలిపించి, టీ తాగించి, ఇద్దరికీ బుద్ధి చెప్పి పంపాడు. ఇద్దరికీ! ఆ మరుసటి వారం నుంచి ఆమె పనిలోకి రాలేదు. ఏమైందో కనుక్కోవాలని ఎవరికీ తోచలేదు. అప్పటికి కాలేజీలో చదువుతున్న నాకు కూడా.

ఇప్పుడు మెల్‌బోర్న్‌లో నేను చూసేది జీతాల లెక్కలే. ఇక్కడ 2023 నుంచి గృహహింసకు గురైన ఉద్యోగికి ఏడాదికి 10 రోజుల జీతంతో కూడిన సెలవు హక్కు. పర్మనెంటు కాని క్యాజువల్ ఉద్యోగులకూ ఉంది. ఆ సెలవు పేరు జీతం చీటీ మీద కనబడకూడదన్న నియమం నాకు మరీ నచ్చింది. ఆ చీటీని ఇంట్లో ఇంకెవరు చూస్తారో రాసినవాళ్లకు తెలుసు! మన దేశపు 2005 గృహహింస చట్టం ప్రకారం, భర్త ఆమె పనిచేసే చోటికి రాకుండా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వు కోసం కోర్టుకు తిరిగే రోజులకు యజమాని జీతంతో సెలవు ఇవ్వాలన్న మాట మాత్రం అందులో లేదు.

నలుగురితో నడిచే కొట్టుకు పది రోజులు భారమే, కాదనను. అబద్ధమాడి సెలవు తీసుకుంటారనీ అంటున్నారు. జ్వరమని చెబితే రాని అనుమానం దీనికే ఎందుకో!

మనలో ఇక్కడ రెస్టారెంట్లు నడిపేవాళ్లున్నారు, రేణిగుంట, శ్రీసిటీ వైపు యూనిట్లు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఖర్చు లేనివైనా చేయండి. జీతం ఆమె సొంత ఖాతాలోనే వేయండి. షిఫ్టు వేళలు భర్త అడిగినా చెప్పకండి. వాయిదాకు వెళ్లిన రోజు గైర్హాజరు వేయకండి. మన దేశంలోనైతే మహిళల సహాయ నంబరు 181 గోడ మీద పెట్టండి. అన్నిటికీ మించి, దయచేసి పంచాయితీ చేయకండి. భర్తను పిలిపిస్తే, ఆమె నోరు విప్పిందని అతనికి మీరే చెప్పినట్టు.

ఆ రోజు నేను అతికించిన కాగితాలు పన్నెండు. కమిటీవాళ్లు తిరిగి నా చేతికిచ్చినవి తొమ్మిది. మిగతా మూడూ తాము తీయలేదన్నారు. దీపావళికి మళ్లీ అతికించనివ్వండి.