తప్పంతా ఆటదేనా?

చిన్న వీడియోగేమ్ పబ్లిషర్లు (ఆటలు విడుదల చేసి అమ్మే కంపెనీలు) కన్సోళ్లలో, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాల్లో, నష్టపోయేది ఆటల్లో పస లేకనే అని ఒక వ్యాసంలో తేల్చేశారు. సగమే ఒప్పుకుంటాను. 1980ల చివర్లో అమెరికాలో గేమ్ కంపెనీ నింటెండో పద్ధతి చూడండి. వాళ్ల కన్సోల్ ఎన్‌ఈఎస్‌లో తాళంలాంటి చిప్ ఉండేది, అనుమతి లేని క్యాట్రిడ్జ్ (ఆట ఉండే ప్లాస్టిక్ డబ్బా) మామూలుగా నడవదు. క్యాట్రిడ్జ్‌లు నింటెండో దగ్గరే చేయించుకోవాలి, వేలల్లో ఆర్డరివ్వాలి, డబ్బు ముందే కట్టాలి. అమ్ముడుపోకపోతే ఆ సరుకంతా పబ్లిషర్ నెత్తినే. పైగా ఏడాదికి ఐదు ఆటలకు మించకూడదు. పెద్ద పబ్లిషర్ కొనామీ అయితే అల్ట్రా గేమ్స్ అని ఇంకో పేరు పెట్టి ఆ లెక్క దాటేసింది. చిన్నవాడికి అంత స్తోమత ఎక్కడిది? 1988లో మెమరీ చిప్పుల కొరత వస్తే అడిగినన్ని క్యాట్రిడ్జ్‌లే దొరకలేదు. క్రిస్మస్ గిరాకీ పోతే ఆ ఏడాది పోయినట్టే కదా!

సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ సీడీలతో వచ్చాక కాస్త ఊపిరాడింది. సీడీ చవక, అయిపోతే త్వరగా మళ్లీ వేయించుకోవచ్చు. కన్సోల్ కంపెనీకి కాపీకింత అని కట్టే రాయల్టీ మాత్రం తప్పలేదు. ఇప్పుడు డౌన్‌లోడ్లు కాబట్టి గోదాములో సరుకు మిగలదు. కానీ కన్సోల్ ఆన్‌లైన్ స్టోర్ సాధారణంగా అమ్మకంలో 30 శాతం పట్టుకుంటుంది. ఒక్కో కన్సోల్‌కు పోర్టింగ్ (ఆటను ఆ యంత్రానికి తగ్గట్టు మార్చడం), సర్టిఫికేషన్ (కన్సోల్ కంపెనీ పరీక్ష నెగ్గడం) ఖర్చులు వేరే. ఇవన్నీ పోయాక మిగిలేది చూసి, అప్పుడు నాణ్యత గురించి మాట్లాడుకుందాం. (మా అబ్బాయి డిస్కౌంట్ పెట్టేదాకా ఏ ఆటా కొనడు, ఆ నష్టం ఏ ఖాతాలో రాస్తారో!)