కాళ్ల సాక్ష్యం చెల్లదు

సైకిల్ దిగి చెమట తుడుచుకుంటూ "ఇవాళ బాగా తొక్కాను" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మాట చెప్పేది కాళ్లు. కాళ్లకి ఈ వ్యవహారంలో సొంత లాభం ఉంది, పైగా అలిసిపోయి ఉన్నాయి. అలాంటి సాక్షిని ఏ కోర్టూ బోను ఎక్కనివ్వదు. ఎంత దూరం, ఎంత వేగం, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, పెడల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగింది అన్నవన్నీ తేల్చాల్సింది హ్యాండిల్‌బార్ మీద కొలువుదీరిన ఫోనే. రికార్డుకెక్కని కిలోమీటరు తొక్కనట్టే లెక్క.

ఇదేదో ఈ కాలపు చాదస్తం అనుకోకండి. 1895 నాటికే అమెరికాలో కర్టిస్ వీడర్ అనే ఆయన చక్రం దగ్గర బిగించే సైక్లోమీటర్ (తొక్కిన దూరం లెక్కపెట్టే మీటరు) అమ్మకానికి పెట్టాడు. స్పోకుకి బిగించిన చిన్న ముక్క, చక్రం తిరిగినప్పుడల్లా ఆ మీటరు పళ్లచక్రాన్ని ఒకసారి తట్టేది. అంతే దాని బతుకు. బ్యాటరీ అడగదు, అనుమతి అడగదు, పాస్‌వర్డ్ అడగదు. ఇన్ని లోపాలున్న వస్తువుతో ఆ తరం ఎలా నెట్టుకొచ్చిందో!

మన ఏర్పాటు పకడ్బందీగా ఉంటుంది. హబ్ (చక్రం నడిబొడ్డు) మీద స్పీడ్ సెన్సర్, ఎడమ క్రాంక్ (పెడల్‌ని మోసే కడ్డీ) లోపలివైపు పెడల్ చుట్లు లెక్కపెట్టే కేడెన్స్ సెన్సర్, గుండె లెక్కకి ఛాతీకి పట్టీ. పైనుంచి ఉపగ్రహాలు ఎలాగూ కనిపెడుతూనే ఉంటాయి. కుడివైపు గొలుసూ పళ్లచక్రాలూ ఉంటాయి కాబట్టి కేడెన్స్ సాక్షికి ఎడమవైపే చోటు. అక్కడ క్రాంక్‌కీ ఫ్రేమ్ గొట్టానికీ మధ్య సందు కొన్ని మిల్లీమీటర్లే. సెన్సర్ కట్టాక క్రాంక్‌ని చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి చూడాలి. చూడకపోతే మొదటి తొక్కుకే సాక్షి రోడ్డున పడతాడు.

ఇక స్పీడ్ సెన్సర్. దీనికి వేగమంటే ఏమిటో తెలియదు, ఇది చాలామందికి మింగుడుపడని నిజం. బ్లూటూత్ సెన్సర్ పంపేది రెండే అంకెలు: ఇప్పటిదాకా చక్రం ఎన్ని చుట్లు తిరిగింది, చివరి చుట్టు ఏ క్షణాన పూర్తయింది. ఆ క్షణాన్ని సెకనులో 1024వ వంతు దాకా కచ్చితంగా చెబుతుంది. అయితే ఆ గడియారం 64 సెకన్లకోసారి మళ్లీ సున్నాకి వస్తుంది, అది గమనించుకోవడం ఫోన్‌లో రైడ్ రికార్డు చేసే యాప్ బాధ్యత. బండి ఆగితే "ఆగింది" అని కూడా చెప్పదు. పాత అంకెనే అప్పజెబుతూ కూర్చుంటుంది. సిగ్నల్ దగ్గర కాలు నేల మీద పెట్టి రెండు మూడు సెకన్లయినా తెర మీద 22 కనిపించేది అందుకే. ఆ కాస్త వేగాన్ని కాదనకండి, వచ్చిందే లాభం.

చుట్ల సంఖ్యని దూరంగా మార్చేది చక్రం చుట్టుకొలత. దాన్ని యాప్‌లో మిల్లీమీటర్లలో మీరే రాసిపెట్టాలి. అంటే సాక్షి ఏం చెప్పాలో ముందే నేర్పేది మీరే. 700x23 సైజు టైరుకి 2096, 700x25కి 2105, 700x28కి 2136 అని పట్టికలుంటాయి. అసలు కొలత కావాలంటే టైరులో రోజూ ఉంచేంత గాలి పెట్టి, వాల్వుని సరిగ్గా నేలవైపు తిప్పి, అక్కడ సుద్దతో గీత గీయండి. సీటు మీద కూర్చోండి, ఎందుకంటే మీ బరువుకి టైరు నొక్కుకుని ఒక చుట్టులో వెళ్లే దూరం తగ్గుతుంది. తిన్నగా మూడు చుట్లు దొర్లించి, వాల్వు మళ్లీ కిందికి వచ్చినచోట ఇంకో గీత గీసి, మధ్య దూరాన్ని మూడుతో భాగించండి. ఒక్క చుట్టే కొలిస్తే గీత గీయడంలో జరిగిన పొరపాటంతా ఆ ఒక్క చుట్టు మీదే పడుతుంది. సెంటీమీటర్లలో 213 అని రాసి పెట్టి, ముప్పై మీద పోతుంటే తెర మూడు చూపిస్తోందని సెన్సర్‌ని తిట్టేవాళ్లకి ఈ వ్యాసం దగ్గర మందు లేదు.

సాక్షుల్ని పిలవడం ఒక విద్య. బ్లూటూత్ అంటే అందరూ ముందు చేసే పని ఫోన్ సెట్టింగ్స్ తెరిచి అక్కడ జత చేయడం. చేయకూడని పనీ అదే. ఈ సెన్సర్లని యాప్ లోపలినుంచే వెతకాలి. పాతకాలపు బ్లూటూత్ సెన్సర్ ఒక్కసారి ఒక్క లాయరుకే, అంటే ఒక్క ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో, జవాబు చెబుతుంది. ట్రైనర్ (సైకిల్‌ని ఇంట్లోనే కదలకుండా తొక్కించే స్టాండు) మీద తొక్కినప్పుడు వాడిన ల్యాప్‌టాప్ పక్కగదిలో ఇంకా దాన్ని పట్టుకుని ఉంటే, మీ ఫోన్‌కి అది కనబడనే కనబడదు. ఆంట్ ప్లస్ అనే ఇంకో వైర్‌లెస్ పద్ధతి సెన్సర్ ఇందుకు పూర్తిగా వేరు, వినేవాళ్లెవరైనా సరే అందరికీ ఒకేసారి అరిచి చెబుతుంది. కాకపోతే ఐఫోన్‌కి ఆ భాష రాదు, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ వచ్చినవి కొన్నే. రెండు భాషలూ వచ్చిన సెన్సర్ కొనుక్కుంటే గొడవుండదు.

వెతికినా జాబితా ఖాళీగా ఉందా? క్రాంక్ తిప్పండి. ఈ సాక్షులు కొన్ని నిమిషాలు కదలిక లేకపోతే నిద్రపోతారు. అయినా రాకపోతే ఫోన్‌లో లొకేషన్ ఆపేసి ఉందేమో చూడండి. క్రాంక్‌కి కట్టిన సెన్సర్‌కీ మ్యాపుకీ ఏమిటి సంబంధమని అడక్కండి. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా బ్లూటూత్ వెతకాలంటే లొకేషన్ అనుమతి కావాలి, 12 నుంచి "సమీపంలోని పరికరాలు" అనే వేరే అనుమతి వచ్చింది. పదిమంది కలిసి బయల్దేరేచోట మాత్రం జత చేయకండి. పక్కవాడి కాళ్లు మీ ఖాతాలో పడతాయి. (కొందరికి ఇది నష్టమేమీ కాదు.) సెన్సర్ వెనక ముద్రించిన నంబరుని, కట్టకముందే రాసిపెట్టుకోవడం మంచిది, కట్టాక అది క్రాంక్‌వైపు తిరిగి ఉంటుంది.

ఛాతీ పట్టీ సాక్షికి తడి కావాలి. పొడిగా కట్టుకుంటే మొదటి పది నిమిషాలు, చెమట పట్టేదాకా, నోటికొచ్చింది చెబుతాడు. బద్ధకంగా గేటు దాటుతున్నవాడి గుండె 210 కొడుతోందని చెప్పినా చెబుతాడు. ఎలక్ట్రోడ్లని ముందే నీళ్లతో తడిపితే సరి. ఫోన్‌ని వీపు జేబులో పెట్టుకునేవాళ్లకి ఇంకో చిక్కు: బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని ఒంట్లోని నీరు మింగేస్తుంది. ముందు చక్రం సెన్సర్‌కీ ఫోన్‌కీ మధ్య మీరే అడ్డం.

అందరికన్నా గడ్డు సమస్య న్యాయమూర్తితోనే. తెర ఆరగానే ఆండ్రాయిడ్ ఫోన్ "ఈ యాప్ ఎందుకింత తింటోంది" అని ఆలోచించి, బ్యాటరీ పొదుపు పేరుతో రికార్డింగ్ గొంతు నులుముతుంది. ఇంటికొచ్చి మ్యాపు చూస్తే, మీరు చెరువు మీదుగా తిన్నగా నాలుగు కిలోమీటర్లు సైకిల్ తొక్కి ఉంటారు. ఆ యాప్‌కి బ్యాటరీ వాడకంలో పరిమితులు ఎత్తేయాలి, బ్యాటరీ సేవర్ తనంతట తాను మొదలుకాకుండా చూసుకోవాలి. ఇక తెర వెలిగించే ఉంచితే ఛార్జ్ తెర కిందే కరిగిపోతుంది, జీపీఎస్ తినేది దాని ముందు తక్కువే. మిట్టమధ్యాహ్నం ఎండలో పూర్తి వెలుతురు పెట్టి, పవర్‌బ్యాంక్ కూడా తగిలిస్తే ఫోన్ వేడెక్కి తెరని దానంతటదే మసకబారుస్తుంది. ఐఫోన్ వాడకానికి ఆపిల్ చెప్పిన హద్దు 0 నుంచి 35 డిగ్రీలు. వానలోనైతే ప్రతి చినుకూ ఒక వేలే. టచ్‌ని తాళం వేయకపోతే రైడ్‌ని ఎవరు ఆపారో తెలియదు.

ఫోన్‌ని పట్టి ఉంచే మౌంట్ గురించి ఎక్కువ చెప్పను, స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క) మీద బిగించేది హ్యాండిల్ మీద సాగే రబ్బరు కన్నా నయం. మోటార్‌సైకిల్ ఇంజిన్ల కంపనాలకి ఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని 2021లో ఆపిల్ హెచ్చరించింది. సైకిల్ పేరెత్తలేదు. గతుకుల రోడ్ల మీద ఆ మినహాయింపుని మరీ నమ్ముకోకండి.

అన్నీ సర్దుకున్నాక కూడా జీపీఎస్ ఒకటంటుంది, చక్రం ఇంకొకటంటుంది. మెలికల ఘాట్‌లో జీపీఎస్ మూలలు కోసుకుంటూ పోయి దూరం తగ్గిస్తుంది. నిలబడి ఉన్నప్పుడేమో చుట్టూ తచ్చాడి పెంచుతుంది. బండి ఆగగానే రికార్డింగ్ ఆపే ఆటోపాజ్ పెట్టుకున్నవాళ్లకి ఆ బెడద తక్కువ, పైగా గుట్టపైన రొప్పుతూ చెట్టుకానుకున్న పన్నెండు నిమిషాలు సగటు వేగం లెక్కలోకి రానే రావు.

49.1 కిలోమీటర్ల దగ్గర ఇల్లొచ్చేస్తే, పాపం, అనుభవం లేనివాళ్లు 50 చేయడానికి గేటు ముందు చీకట్లో గిరగిరా తిరుగుతుంటారు. తెలిసినవాళ్లు ముందురోజు రాత్రే, 700x23 టైరుకి, యాప్‌లోని చుట్టుకొలత గడిలో 2136 అని రాసిపెట్టుకుని పడుకుంటారు.