ఎలుగుబంట్లకు అర నిమిషం

యుద్ధాన్ని శాంతికాలంలో ఏ తీరున స్మరించుకోవడం ధర్మమన్న సందేహం లోకంలోని పండితులను ఇంకా పీడిస్తున్నప్పటికీ, మా చెన్నపట్నం దానిని నూరేళ్ల కిందటే తీర్చుకొని నిశ్చింతగా ఉన్నదని మనవి చేస్తున్నాను.

1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక ఈ రేవు మీద సుమారు 130 గుండ్లు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులను తగలబెట్టి, జనం చేత మూటాముల్లె సర్దించింది. అంతటి అతిథిని మరచిపోవడం మర్యాద కాదు కనుక హైకోర్టు ప్రహరీ దగ్గర ఒక ఫలకం పెట్టారు. జిత్తులమారిని, అసాధ్యుణ్ణి తమిళులు నేటికీ 'ఎమ్డన్' అంటారు. టి. నగర్‌లోని మా తెలుగిళ్లలో కూడా ఆ మాట ఇల్లరికపుటల్లుడిలా స్థిరపడింది. (మా మామగారిని నేను మనసులో అలాగే పిలుచుకుంటాను.) గుండు వేసినవాడి పేరు బిరుదయింది. ఆ రాత్రి రేవులోని ఓడలో మరణించిన నావికుల సంగతి ఎత్తితే మాత్రం, "ఎవరైనా పోయారా ఏమిటి?" అని నన్నే అడుగుతారు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బాంబులు అక్కడ పడ్డాయి, భయం ఇక్కడ పడింది. మద్రాసు సగం ఖాళీ అయింది. ఆ నెలలోనే, సెంట్రల్ స్టేషన్‌కు దగ్గరగా పీపుల్స్ పార్కులో ఉన్న జంతుప్రదర్శనశాలలో, దాడి జరిగి బోనులు పగిలితే ఊరి మీద పడతాయన్న ముందుచూపుతో, సింహాలను, పులులను, ఎలుగుబంట్లను మలబార్ స్పెషల్ పోలీసులు కాల్చివేశారు. చేసిన నేరానికి కాదు, చేయగల నేరానికి. వాటి పేర ఫలకం నాకెక్కడా కనబడలేదు. ఉండకపోవడమే సబబు, ఎందుకంటే ఫలకానికి శత్రువు కావాలి, ఇక్కడ తూటాలు మనవి.

నందంబాక్కంలోని యుద్ధ శ్మశానవాటికకు మా అపార్ట్‌మెంట్ వారిని ఒకసారి తీసుకువెళ్లాను. సమాధుల వరుసల మధ్య చాలాసేపు మౌనంగా నిలబడిన మా కార్యదర్శిగారు చివరకు గద్గదస్వరంతో, "ఈ పచ్చిక కత్తిరించే కాంట్రాక్టరెవరో కనుక్కోండి" అన్నారు.

ఆ ధైర్యంతోనే, ఈ ఆగస్టు 15న జెండా వందనం తరువాత ఎలుగుబంట్ల కోసం రెండు నిమిషాలు మౌనం పాటించాలని తీర్మానం పెట్టాను. ఇడ్లీలు చల్లారిపోకుండా చూడాలని, కాల్చినదెవరో ప్రస్తావించరాదని రెండు షరతులు విధించి, కార్యవర్గం అర నిమిషం మంజూరు చేసింది.